పీహెచ్‌సీలో టీబీ కేసులు ఎక్కడ జారిపోతున్నాయి

టీబీ కేసులు తక్కువగా బయటపడుతున్నాయని సమీక్షలో ఎవరైనా అడిగితే ముందు వచ్చే జవాబు మెషిన్ గురించే. ట్రూనాట్ (తెమడలో టీబీ క్రిమి డీఎన్‌ఏను వెతికే మెషిన్) ఇవ్వలేదనో, ఇచ్చారు కానీ చిప్పులు అయిపోయాయనో అంటారు. మెషిన్ ముఖ్యమే, కాదనను. కానీ ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కేసులు పోయే చోట్లను వరసగా చూసుకుంటూ వస్తే, ఎక్కువ భాగం మెషిన్‌కు ముందో, మెషిన్ తర్వాతో పోతున్నాయి. దగ్గు గురించి ఎవరూ అడగని మనిషి, డబ్బాలో తెమడకు బదులు ఉమ్మేసి ఇచ్చిన మనిషి, ‘నెగెటివ్’ చీటీ పట్టుకుని ఇంటికి వెళ్లి మళ్లీ రాని మనిషి. ఈ ముగ్గురినీ పట్టుకోవడానికి కొత్త బడ్జెట్ పెద్దగా అక్కర్లేదు. అందుకే వీటి గురించే రాస్తున్నాను.

2019–21లో మన దేశంలో జరిగిన జాతీయ టీబీ సర్వే రెండు సంగతులు తేల్చింది. టీబీ లక్షణాలు ఉన్నవాళ్లలో దాదాపు 64 శాతం మంది అసలు ఏ ఆసుపత్రికీ వెళ్లలేదు. రెండోది, సర్వేలో దొరికిన కేసుల్లో 42.6 శాతం ఛాతీ ఎక్స్‌రే తీయకపోయి ఉంటే దొరికేవే కావు. అంటే వాళ్లు లక్షణాలు అడిగితే ‘లేవు’ అన్నవాళ్లు. ఇక ఆసుపత్రికి వచ్చినవాళ్లనైనా పట్టుకుంటున్నామా? 1960ల మొదట్లో బెంగళూరులోని నేషనల్ ట్యూబర్‌క్యులోసిస్ ఇన్‌స్టిట్యూట్ తుమకూరు జిల్లాలో చేసిన అధ్యయనంలో, తెమడలో క్రిములున్న రోగుల్లో సగం మందికి పైగా అప్పటికే ఏదో ఒక వైద్యశాల గడప తొక్కినవాళ్లేనని తేలింది. దగ్గు మందు ఇచ్చి పంపేశారు వాళ్లను. అరవై ఏళ్లు దాటినా ఈ అలవాటు పూర్తిగా పోలేదు.

కాబట్టి మొదలు ఓపీ చీటీ రాసే బల్ల దగ్గరే. డాక్టర్ గదిలో అడుగుతారులే అనుకుంటే కుదరదు. వంద మంది ఓపీ ఉన్న రోజు డాక్టర్ చేతిలో ఒక్కొక్కరికి రెండు నిమిషాలు కూడా ఉండవు. పైగా మోకాళ్ల నొప్పులకు వచ్చిన పెద్దాయన దగ్గు సంగతి తనంతట తాను చెప్పడు. బీడీ తాగేవాడికి దగ్గు రోగమే కాదు, రోజూ ఉండేదే. చీటీ రాసేవాళ్లే ప్రతి పెద్దవాళ్లనూ నాలుగు ప్రశ్నలు అడగాలి: రెండు వారాలుగా దగ్గు ఉందా, రెండు వారాలుగా సాయంత్రం పూట జ్వరం వస్తోందా, ఈ మధ్య బరువు తగ్గారా, తెమడలో రక్తం పడిందా. ఏ ఒక్కటి ‘అవును’ అయినా చీటీ మీద ఎర్ర స్టాంపు. ఆ స్టాంపు ఉన్న చీటీ డాక్టర్ బల్ల మీదికి వస్తే పరీక్ష రాయకుండా వదలడం కష్టం. హెచ్‌ఐవీ ఉన్నవాళ్ల విషయంలో రెండు వారాల లెక్క వద్దు, ఎన్ని రోజుల దగ్గయినా పరీక్షే.

ఎంత మంది దొరకాలి? కొత్తగా వచ్చే పెద్దవాళ్ల ఓపీలో వందకు ఇద్దరు ముగ్గురు టీబీ అనుమానితులు ఉంటారన్నది ఆర్‌ఎన్‌టీసీపీ అనే పాత జాతీయ టీబీ కార్యక్రమం రోజుల నుంచీ వాడుతున్న లెక్క. మీ రిజిస్టర్‌లో నెలకు వెయ్యి మంది పెద్దవాళ్ల ఓపీ ఉండి, తెమడ పరీక్షకు వెళ్లినవాళ్లు ఐదారుగురే ఉంటే ఆ ఊళ్లలో టీబీ లేదని కాదు, అడగలేదని అర్థం. టీబీ ముక్త పంచాయతీ ప్రమాణాల్లో కూడా ఏడాదికి వెయ్యి జనాభాకు కనీసం 30 మందికి పరీక్ష చేయాలని పెట్టింది ఇందుకే. కేసులు తక్కువ అని చెప్పుకునే ముందు పరీక్షలు తగినన్ని చేశామని చూపించాలి.

షుగర్, బీపీ మందుల కోసం నెలనెలా వచ్చేవాళ్ల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. షుగర్ ఉన్నవాళ్లకు టీబీ వచ్చే అవకాశం మిగతావాళ్ల కంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. బరువు తగ్గితే ‘షుగర్ వల్లే’ అని అందరూ అనుకుంటారు, రోగితో సహా. మందులిచ్చే రోజు బరువు తూచి కిందటి నెల బరువు పక్కన రాస్తే చాలు, తేడా కంటికి కనిపిస్తుంది. తెలుగు రాష్ట్రాల్లో ఎన్‌సీడీ (షుగర్, బీపీలాంటి జబ్బుల) క్లినిక్‌లకు వచ్చే జనం తక్కువేమీ కాదు. ఇంతకంటే సులువుగా దొరికే అవకాశం ఇంకోటి లేదు.

ఊళ్లో ఆర్‌ఎంపీల సంగతి కూడా తప్పించుకోలేం. దగ్గు తగ్గడం లేదని వెళ్తే చాలామంది లీవోఫ్లాక్సాసిన్‌లాంటి మాత్రలు ఇస్తారు. అవి టీబీ క్రిమి మీదా పనిచేస్తాయి కాబట్టి వారం పది రోజులు కాస్త తేలిక పడుతుంది, ఆ తర్వాత తిరగబెడుతుంది. ఈలోగా తెమడలో క్రిములు తగ్గి పరీక్ష తప్పుగా నెగెటివ్ రావచ్చు. ఒక్క మందే వాడినందువల్ల ఆ మందుకు లొంగని క్రిములు పెరిగే ప్రమాదం అదనం. రోగిని ‘ఇప్పటిదాకా ఏమేం మాత్రలు వేసుకున్నావు, అట్టలు ఉన్నాయా’ అని అడిగి ఫారం మీద రాయాలి. ఆర్‌ఎంపీలను తిట్టి లాభం లేదు. రెండు వారాల దగ్గు కనిపిస్తే తెమడ డబ్బా చేతికిచ్చి పంపమని వాళ్లకే డబ్బాలు ఇచ్చిపెట్టడం మేలు.

ఇప్పుడు తెమడ. మొత్తం పనిలో ఎక్కువ నిర్లక్ష్యానికి గురయ్యేది, కొంచెం శ్రద్ధకే ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే. పాకిస్తాన్‌లోని రావల్పిండిలో మూడు వేల మందికి పైగా రోగులతో జరిగి, 2007లో అచ్చయిన పరిశోధన ఒకటి ఉంది. తెమడ ఎలా తీయాలో కాసేపు విడమరిచి చెప్పిన ఆడవాళ్లలో 13 శాతం మందికి పాజిటివ్ వచ్చింది, చెప్పని వాళ్లలో 8 శాతమే. మెషిన్ మారలేదు, మందు మారలేదు, ఖర్చూ దాదాపు లేదు. ఆడవాళ్లు నలుగురిలో గట్టిగా దగ్గి ఉమ్మడానికి సిగ్గుపడతారు, గొంతులోది తీసి ఇచ్చేస్తారు. మన దగ్గరా అంతే. వాళ్లకు ఏఎన్‌ఎం గానీ ఆశా గానీ పక్కన నిలబడి చెప్పాలి, మగవాళ్లు లేని చోటు చూపించాలి.

చెప్పే తీరు ఇలా ఉండాలి. ‘అమ్మా, మాకు ఉమ్ము వద్దు, లోపల ఛాతీలోంచి వచ్చే కళ్లె కావాలి. ముందు మామూలు నీళ్లతో నోరు పుక్కిలించు. రెండుసార్లు గట్టిగా ఊపిరి పీల్చి, కాసేపు బిగబట్టి వదులు. మూడోసారి పీల్చి కడుపులోంచి గట్టిగా దగ్గు. నోట్లోకి వచ్చింది డబ్బా అంచు పెదవికి ఆనించి అందులో వేయి. ఈ గీత దాకా వచ్చేవరకు మళ్లీ మళ్లీ చెయ్యి.’ గీత అంటే డబ్బా మీద ముందే మార్కర్‌తో 3 మి.లీ. దగ్గర గీసి పెట్టుకున్నది. కావాల్సింది 2 నుంచి 5 మి.లీ. ‘కొంచెం’ అని చెబితే ఒక చుక్క తెస్తారు, గీత చూపిస్తే గీత దాకా తెస్తారు. మాటతో వదిలేయకుండా ఒకసారి మీరే ఊపిరి పీల్చి దగ్గి చూపించండి.

ఇదంతా ఆరుబయట, గాలి ఆడే చోట జరగాలి. బాత్రూంలోకి పంపకండి. అక్కడ గాలి ఆడదు, తర్వాత వెళ్లినవాళ్లు ఆ గాలే పీలుస్తారు. ఆసుపత్రి వెనక ఎండ పడే చోట ఒక చిన్న చాటు కట్టి, చేతులు కడుక్కోవడానికి బకెట్ పెడితే సరిపోతుంది. చెప్పేవాళ్లు గాలి వచ్చే వైపు, రోగి గాలి పోయే వైపు నిలబడాలి.

డబ్బా తిరిగి ఇచ్చినప్పుడు మూత తీయకుండా వెలుతురుకు పట్టి చూడాలి. చిక్కగా, జిగురుగా, పసుపో ఆకుపచ్చో కలిసి ఉంటే మంచి నమూనా. నీళ్లలా పల్చగా, నురగగా ఉంటే ఉమ్ము. అన్నం మెతుకులు, తమలపాకు, గుట్కా ఎరుపు కనిపిస్తే మళ్లీ అడగాలి. రెండోసారీ ఉమ్మే వస్తే మాత్రం పారబోయకండి. ‘లాలాజలం’ అని ఫారంలో రాసి పంపండి. మాలిక్యులర్ పరీక్ష (ట్రూనాట్‌లాంటి డీఎన్‌ఏ పరీక్ష) అందులోనూ ఒక్కోసారి క్రిమిని పట్టుకుంటుంది, పారబోస్తే ఆ అవకాశమూ ఉండదు. రెండో నమూనా మర్నాడు తెల్లవారగానే, ఏమీ తినకముందు తీసింది కావాలి. రాత్రంతా ఛాతీలో చేరినది కాబట్టి అందులో క్రిములు ఎక్కువ. దాని కోసం రోగి మళ్లీ బస్సు ఎక్కి రావాలంటే సగం మంది రారు. ఆశాకో, విలేజ్ క్లినిక్‌కో, పల్లె దవాఖానాకో ఇస్తే తీసుకునే ఏర్పాటు ముందే చెప్పాలి.

లేబుల్ డబ్బా ఒంటి మీద ఉండాలి, మూత మీద కాదు. ల్యాబ్‌లో నాలుగు డబ్బాల మూతలు ఒకేసారి తీస్తే ఏది ఎవరిదో తెలియదు. పేరు, వయసు, నిక్షయ్ (ప్రభుత్వ ఆన్‌లైన్ టీబీ రిజిస్టర్) ఐడీ, తీసిన తేదీ, సమయం, మొదటిదా రెండోదా అన్నవి నీళ్లు తగిలినా చెరగని పెన్నుతో రాయాలి. రోగి ఫోన్ నంబర్ రాసుకోగానే అతని ముందే ఒక మిస్డ్ కాల్ ఇచ్చి చూడండి. పాజిటివ్ వచ్చిన తర్వాత తప్పు నంబర్ పట్టుకుని ఊరూరా తిరగాల్సిన పని తప్పుతుంది.

రవాణాలో మూడు పొరలు. మూత బిగించి చుట్టూ పారాఫిల్మ్ (సాగే మైనపు పట్టీ) చుట్టిన ట్యూబ్ మొదటిది. దూది పెట్టిన జిప్ కవర్ రెండోది. ఐస్ ప్యాక్‌లున్న గట్టి పెట్టె మూడోది, అందులో ట్యూబులు నిలువుగా నిలబడాలి. ఫారాలు వేరే కవర్‌లో, పెట్టె బయటి వైపు. కారిన ట్యూబ్ ఒకటి ఉంటే పక్కవాటి ఫలితాలనూ నమ్మలేం, ల్యాబ్ వాళ్లు మొత్తం తిప్పి పంపుతారు. కాబట్టి మూత సరిగ్గా మరలో కూర్చుందో లేదో తిప్పి చూడటం ఒక పనిగా పెట్టుకోవాలి. జీన్ ఎక్స్‌పర్ట్‌కు (డీఎన్‌ఏ వెతికే మరో మెషిన్) పంపే తెమడ 35 డిగ్రీలు దాటకుండా మూడు రోజుల వరకు, ఫ్రిజ్‌లో 2–8 డిగ్రీల మధ్య పది రోజుల వరకు పనికొస్తుంది. మే నెలలో రెంటచింతలలోనో, రామగుండంలోనో వరండాలో పెట్టిన డబ్బా 35 దాటకుండా ఉండదు. శనివారం మధ్యాహ్నం తీసి సోమవారం పంపే నమూనాలే ఎక్కువ పాడవుతాయి. వాటికి చిన్న ఫ్రిజ్ వేరుగా ఉండాలి. టీకాలు నిల్వ ఉంచే ఫ్రిజ్ ఐఎల్‌ఆర్‌లో తెమడ పెట్టడం ఏ పరిస్థితిలోనూ కుదరదు.

మెషిన్ దగ్గరికి వద్దాం. మైక్రోస్కోప్ కింద క్రిమి కనిపించాలంటే ఒక మి.లీ. తెమడలో ఐదు నుంచి పది వేల క్రిములు ఉండాలి. జీన్ ఎక్స్‌పర్ట్ మొదటి తరం కార్ట్రిడ్జ్‌కు సుమారు 130, అల్ట్రా కార్ట్రిడ్జ్‌కు 16 సరిపోతాయి. గోవాకు చెందిన మోల్బయో తయారుచేసిన ట్రూనాట్‌ను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఆమోదించింది. బ్యాటరీ మీద నడుస్తుంది, ఏసీ గది అడగదు కాబట్టి పీహెచ్‌సీకి సరిపోయేది అదే. జీన్ ఎక్స్‌పర్ట్‌కు గది 30 డిగ్రీల లోపు ఉండాలి, కరెంటు ఆగకూడదు.

ట్రూనాట్‌లో తప్పులు ఎక్కువగా జరిగేది తెమడ పల్చన చేసే దగ్గర. లిక్విఫాక్షన్ బఫర్ (తెమడను పల్చబరిచే ద్రవం) వేసి కిట్‌లో చెప్పినంత సేపు ఆగమంటే, రద్దీలో ముందే తీసేస్తారు. పిపెట్‌లోకి జిగురు తీగలా సాగుతూ వస్తుంటే అది ఇంకా తయారవలేదు. మరికొంత బఫర్ వేసి మరికాసేపు ఆగాలి. లేకపోతే డీఎన్‌ఏను వేరుచేసే ట్రూప్రెప్ యంత్రం కార్ట్రిడ్జ్‌లో అడ్డుపడి రన్ ఆగిపోతుంది. జీన్ ఎక్స్‌పర్ట్‌లో ఇదే తప్పు 2008 అనే ప్రెజర్ ఎర్రర్‌గా కనిపిస్తుంది. అక్కడ రియేజెంట్ తెమడకు రెండింతలు పోయాలి, పదిహేను నిమిషాలు ఉంచాలి, మధ్యలో ఒకసారి గట్టిగా కుదపాలి. ఇక ట్రూనాట్ మైక్రోట్యూబ్‌లో డీఎన్‌ఏ ద్రవం 6 మైక్రోలీటర్లు వేశాక పొడి పూర్తిగా కరిగి తేటగా అయ్యేవరకు అర నిమిషం నుంచి నిమిషం ఆగి, అప్పుడే చిప్ మీద వేయాలి. బుడగ పడితే రీడింగ్ చెడుతుంది. ఫిల్టర్ లేని టిప్పులు వాడొద్దు. ఒక బలమైన పాజిటివ్ నమూనా తుంపర పిపెట్‌లోకి వెళ్తే తర్వాత వచ్చే వరస పాజిటివ్‌లన్నీ అనుమానించాల్సిందే. ఉన్నట్టుండి ఒకే రోజు నాలుగైదు పాజిటివ్‌లు, అన్నీ చాలా తక్కువ లోడ్‌తో వస్తే సంతోషించే ముందు బల్ల, పిపెట్ శుభ్రం చేసి, నీళ్లతో ఒక ఖాళీ రన్ చేసి చూడాలి.

సామర్థ్యం లెక్క కూడా వేసుకోవాలి. ఒకేసారి నాలుగు చిప్పులు చదివే క్వాట్రో మెషిన్ ఉన్నా, ఒక ట్రూప్రెప్ ఒకసారికి ఒక్క నమూనానే తీసుకుంటుంది, దానికి ఇరవై నిమిషాలు. అంటే గంటకు మూడు. ఉదయం పదకొండుకు ముప్పై నమూనాలు ఒకేసారి దిగితే సాయంత్రానికి అవి కావు. క్యాంపు పెట్టే ముందు ల్యాబ్ టెక్నీషియన్‌ను అడిగి తేదీ పెట్టాలి.

ముఖ్యమైన టీబీ మందు రిఫాంపిసిన్ పనిచేస్తుందా అన్న ఫలితం ‘ఇండిటర్మినేట్’ (తేలలేదు) అని వస్తే అది రెసిస్టెన్స్ (మందుకు లొంగకపోవడం) కాదు, క్రిములు మరీ తక్కువని అర్థం. కొత్త నమూనా అడగాలి. ఇంతకుముందు టీబీ మందులు వాడినవాళ్లకు అల్ట్రాలో ‘ట్రేస్’ వస్తే అది పాత చచ్చిన క్రిముల డీఎన్‌ఏ కావచ్చు. కల్చర్ (క్రిమిని పెంచి చూసే పరీక్ష), ఎక్స్‌రే, లక్షణాలు కలిపి డాక్టర్ తేల్చాలి. చీటీలో పాత చికిత్స వివరం లేకపోతే ల్యాబ్ వాళ్లకు ఈ సంగతి తెలిసే దారే లేదు.

మైక్రోస్కోపీ ఇంకా నడుస్తున్న చోట్ల రెండు మాటలు. స్మియర్ (స్లైడ్ మీద పూసిన తెమడ పొర) 3×2 సెంటీమీటర్లు, దాని కింద పెట్టిన అచ్చు అక్షరాలు మసగ్గా కనిపించేంత మందం. కార్బాల్ ఫ్యూక్సిన్ రంగు పోశాక కింద నుంచి ఆవిరి వచ్చేదాకా వేడి చేయాలి, మరగనివ్వకూడదు, ఐదు నిమిషాలు. 25 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్ రెండు నుంచి నాలుగు నిమిషాలు, మిథిలీన్ బ్లూ అర నిమిషం. నెగెటివ్ అని రాయాలంటే వంద ఫీల్డులు చూడాలి. ఒక టెక్నీషియన్ రోజుకు 25 స్లైడ్లకు మించి చదివితే కళ్లు ఒప్పుకోవు. నలభై స్లైడ్లు చదివినట్టు రిజిస్టర్ ఉంటే అందులో కొన్ని చూడనివని పర్యవేక్షకులు గ్రహించాలి. వాడిన స్లైడ్ కడిగి మళ్లీ వాడటం పూర్తిగా మానాలి.

ఎక్స్‌రే విషయంలో చేతిలో పట్టుకునే చిన్న యంత్రాలు పరిస్థితిని మార్చాయి. 2024 డిసెంబర్ 7న మొదలైన వంద రోజుల కార్యక్రమంలో లక్షణాలు లేకపోయినా 60 ఏళ్లు దాటినవాళ్లు, షుగర్ ఉన్నవాళ్లు, పొగ తాగేవాళ్లు, బీఎంఐ 18.5 కంటే తక్కువ ఉన్నవాళ్లు, టీబీ రోగి ఇంట్లోవాళ్లు, పాత రోగులు వంటివాళ్లను పరీక్షించాలన్నది సరైన మార్పు. ఊళ్లోకి వెళ్లి, క్యాంపుకు వచ్చినవాళ్లందరికీ ఎక్స్‌రే తీస్తే సంఖ్య పెరుగుతుంది, కేసులు పెరగవు. క్యాంపుకు రెండు రోజుల ముందే ఆశా ఇంటింటి పట్టీ నుంచి ఈ పేర్లు రాసి, చీటీలు ఇచ్చి రావాలి. కంప్యూటర్ సాఫ్ట్‌వేర్‌తో ఎక్స్‌రే చదివించడాన్ని 15 ఏళ్లు దాటినవాళ్ల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 నుంచి సమ్మతిస్తోంది. అయితే ఎంత స్కోరు దాటితే తెమడ పరీక్ష చేయాలన్నది ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. చీమకుర్తిలాంటి గ్రానైట్ ప్రాంతంలో రాతి ధూళి పీల్చినవాళ్ల ఊపిరితిత్తులు చూసి సాఫ్ట్‌వేర్ చాలామందిని అనుమానిస్తుంది. వాళ్లకు టీబీ ముప్పూ నిజంగానే ఎక్కువ. అక్కడ స్కోరు పెంచి పని తగ్గించుకోవడం కంటే తెమడ పరీక్షలు ఎక్కువ చేయడమే మంచిది.

ఎక్స్‌రే ఒక్కదాన్ని చూసి మందులు మొదలుపెట్టడం, తెమడ నెగెటివ్ ఒక్కదాన్ని చూసి వదిలేయడం, రెండూ తప్పే. తెమడ నెగెటివ్ వచ్చి దగ్గు అలాగే ఉంటే ఎక్స్‌రే, అందులో మచ్చ ఉంటే మరో నమూనా, అప్పటికీ తేలకపోతే డాక్టర్ నిర్ణయం. దీని కోసం రిజిస్టర్‌లో ఒక అదనపు గడి గీసుకోండి: ‘రెండు వారాల తర్వాత ఎలా ఉన్నారు’. నెగెటివ్ వచ్చిన ప్రతివాళ్లకూ ఆ తేదీన ఫోన్ వెళ్లాలి. పదిమందిలో ఒకరిద్దరు ‘ఇంకా దగ్గే సార్’ అంటారు, ఆ ఒకరిద్దరి కోసమే ఆ గడి.

నెలాఖరున చూడాల్సిన అంకెలు నాలుగే. పెద్దవాళ్ల ఓపీ ఎంత, అందులో పరీక్షకు పంపింది ఎంత, పంపినవాటిలో పాజిటివ్ శాతం ఎంత, పాజిటివ్ తేలిన రోజు నుంచి మందు మొదలైన రోజుకు మధ్య ఎన్ని రోజులు. పాజిటివ్ శాతం ఇరవై దాటితే బాగా ముదిరినవాళ్లనే పంపుతున్నారని అర్థం, ఇంకా విరివిగా పంపాలి. ఒక శాతం కంటే దిగితే లెక్క నింపడానికి ఆరోగ్యవంతుల ఉమ్ము పంపుతున్నారేమో డబ్బాలు స్వయంగా చూడాలి. నాలుగో అంకె వారం దాటితే ఫలితం ఎక్కడ ఆగిందో వెతకాలి. చాలాసార్లు ఫలితం నిక్షయ్‌లో ఎక్కి ఉంటుంది, ఊళ్లో ఆశాకు ఎవరూ చెప్పి ఉండరు.

పాజిటివ్ వచ్చిన ఇంటికి వెళ్లినప్పుడు ఆ ఒక్కరికే మందులిచ్చి రాకూడదు. ఇంట్లో అందరి పేర్లు, వయసులు రాసుకోవాలి. దగ్గు, జ్వరం, బరువు తగ్గడం ఉన్నవాళ్లకు ఆ రోజే తెమడ డబ్బా ఇవ్వాలి. మిగతావాళ్లకు ఎక్స్‌రే తేదీ చెప్పాలి. ఐదేళ్ల లోపు పిల్లలుంటే వాళ్లను ముందు చూడాలి. వాళ్లకు తెమడ రాదు కాబట్టి పిల్లల డాక్టర్ దగ్గరికి, పొట్టలోంచి నమూనా తీసే వీలున్న ఆసుపత్రికి పంపాలి. టీబీ లేదని తేలినవాళ్లకు నివారణ మాత్రలు మొదలవ్వాలి. వారానికొకసారి చొప్పున పన్నెండు మోతాదులు వేసే 3హెచ్‌పీ అయితే పూర్తి చేసేవాళ్లు ఎక్కువ. పనికోసం వేరే ఊరు వెళ్లిన కొడుకు ఉంటే అతని ఫోన్ నంబర్ కూడా ఆ కాగితంలోనే రాసుకోవాలి, సంక్రాంతికి ఇంటికొచ్చినప్పుడు అడగడానికి.